హనుమంతవాక దగ్గర గొడుగు మర్చిపోయిన అక్కకి

మొన్న సింహాచలం గిరి ప్రదక్షిణ రాత్రి, హనుమంతవాక దగ్గర మంచినీళ్ళు ఇస్తున్న పిల్లల్లో మా అమ్మాయి కూడా ఉంది. ఎనిమిదో తరగతి, స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో గైడ్. అందులో ఇచ్చే రాజ్య పురస్కార్ అవార్డుకి తయారవుతోంది.

ముప్పై రెండు కిలోమీటర్ల నడకలో సగం కూడా కాకముందే ఒక మామ్మగారి చీలమండ మెలిక పడింది. మా పిల్ల స్కార్ఫ్ విప్పిందే గానీ చేతులు వణికిపోయాయి. క్లాసులో వందసార్లు ఆ కట్టు కట్టిందే, అక్కడ మాత్రం ఒక్కటీ గుర్తు రాలేదు. నేను నీళ్ళ డ్రమ్ము దగ్గర నిలబడి చూస్తున్నానంతే, నాకూ టెన్షనే.

మీరొచ్చి తడి రోడ్డు మీదే కూర్చున్నారు. మెడలో సన్నటి గొలుసుకి చిన్న సిలువ. పని లాక్కోలేదు. "నువ్వే కట్టమ్మా, కాలు నేను పట్టుకుంటా" అన్నారు. మా పిల్ల పాదం కింద నుంచి తిప్పి, చీలమండ చుట్టూ ఎనిమిది అంకెలా చుట్టి, చివర రీఫ్ నాట్ వేసింది. ఆ ముడి చదునుగా ఉంటుంది, ఒత్తుకోదు. మామ్మగారు దాని తల నిమిరి "అప్పన్న చల్లగా చూస్తాడు" అంటే మీరూ దణ్ణం పెట్టారు.

గైడ్ ప్రతిజ్ఞలో మొదటిదే దేవుని పట్ల విధి. అంటే రోజూ దీపం పెట్టడమా అని నెల నుంచి నన్ను తినేస్తోంది. నాకూ సరైన జవాబు దొరకలేదు. ఆ రాత్రి దాని లాగ్‌బుక్‌లో ఆ మాట పక్కన "కాలు పట్టుకున్న ఆంటీ" అని రాసుకుంది.

పేరు అడిగేలోపే జనంలో కలిసిపోయారు. చాలా థాంక్సండీ. మీ నీలం గొడుగు మా ఇంట్లోనే ఉంది. విరిగిన పుల్ల బాగుచేయించాం.