వెట్‌సూట్ ఎక్కకపోతే తప్పు ఒంటిది కాదు

ఎడిటర్ గారికి,

నమస్కారం. సెలవులొస్తే విజయవాడ, గుంటూరు నుంచి రుషికొండకో అండమాన్‌కో వెళ్ళి స్కూబా (వీపున గాలి సిలిండరుతో నీళ్ళ అడుగుకి దిగడం) చేసి రావాలని ముచ్చటపడే ఆడవాళ్ళు ఇప్పుడు మన వీధుల్లోనే కనిపిస్తున్నారు. వాళ్ళలో కాస్త బొద్దుగా ఉన్నవాళ్ళని సముద్రం కన్నా ముందు వెట్‌సూట్, అంటే నీళ్ళలో చలి ఆగేందుకు వేసుకునే బిగువు రబ్బరు డ్రెస్సు, భయపెడుతుంది. సూటు తొడల దగ్గరే ఆగిపోతుంది, చుట్టూ నలుగురు చూస్తుంటారు, ఇక "నా ఒంటికి ఇవన్నీ ఎందుకులే" అని ఒడ్డున కూర్చుండిపోతారు. చాలామటుకు అక్కడ తప్పు ఇచ్చిన సైజుది, తొడిగిన తీరుది. ఆ రెండూ ఇంటి దగ్గరే తెలుసుకుని వెళ్ళొచ్చని చెప్పడానికే ఈ ఉత్తరం.

వెట్‌సూట్ గుడ్డ నియోప్రీన్ అనే రబ్బరు. స్పాంజిలాగా దాని నిండా సన్నటి గాలి బుడగలుంటాయి. గాలికన్నా నీళ్ళు ఒంటి వేడిని సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తాయి. అందుకే దిగేటప్పుడు గోరువెచ్చగా ఉన్న నీళ్ళలోనే ముప్పావుగంటకి వణుకు మొదలవుతుంది. ఒంట్లో కొవ్వుంటే చలి కొంత ఆలస్యంగా తెలుస్తుంది గానీ తెలియకుండా మాత్రం పోదు. సూటులోకి దూరిన కాసిని నీళ్ళు ఒంటివేడికి వెచ్చబడి అక్కడే నిలబడాలి. ఎదిగే పిల్లకి లంగా కుట్టించినట్టు వదులుగా తీసుకుంటే కాలు ఆడించినప్పుడల్లా ఆ వెచ్చటి నీళ్ళు పోయి చల్లవి వస్తాయి. ఇక సూటు ఉన్నా లేనట్టే. మన బంగాళాఖాతం వైపు వెచ్చటి నీళ్ళకి 3 మిల్లీమీటర్ల మందం చాలు. 5 మిల్లీమీటర్లది బిర్రుగా ఉంటుంది, తొడగడం కష్టం, నీళ్ళలో ఎక్కువ తేలుతుంది. మొదటి సూటుగా దాని జోలికి వెళ్ళొద్దు.

కొలతలు ఇంట్లోనే తీసుకోండి. ఎత్తు, బరువు అని రెండు అంకెలు చెబితే సరిపోదు. ఛాతీ, నడుము, పిరుదులు బాగా వెడల్పుగా ఉన్న చోట, తొడ పైభాగం, పిక్క, మోచేతి పైన దండ దగ్గర చుట్టుకొలతలు కావాలి. వీటికి తోడు మన టైలర్లు ఎప్పుడూ తీయని కొలత ఒకటుంది. భుజం మీద నుంచి ముందుగా దిగి, కాళ్ళ మధ్య నుంచి వెనక్కి తిరిగి మళ్ళీ అదే భుజం దాకా టేపు తిప్పాలి. మొండెం పొడవు తేలేది దానితోనే. టేపు ఒంటికి ఆనాలి, నొక్కకూడదు. పొట్ట లోపలికి పీల్చి తీసిన కొలత తర్వాత మనల్నే ఇబ్బంది పెడుతుంది.

ఎక్స్ఎల్, డబుల్ ఎక్స్ఎల్ అనే అక్షరాలు నమ్మొద్దు. ఒక కంపెనీ ఎక్స్ఎల్ ఇంకో కంపెనీ లార్జ్ కావచ్చు. ఆ కంపెనీ సొంత పట్టిక తీసి, మీ ఒంట్లో ఏ భాగం అన్నిటికన్నా పెద్ద సైజు అడుగుతోందో దాన్నిబట్టి ఎంచుకోండి. ఉదాహరణకి ఎత్తు 155 సెంటీమీటర్లు, ఛాతీ 106, పిరుదులు 116 అనుకుందాం. పిరుదులకి పట్టే సూటు చాలాసార్లు ఇంకా పొడుగు మనిషిని దృష్టిలో పెట్టుకుని కుట్టి ఉంటుంది. కాళ్ళు, చేతులు పొడుగైతే బెంగలేదు. నియోప్రీన్ అంచు కత్తిరిస్తే గుడ్డలా పోగులు ఊడదు. పదునైన కత్తెరతో మూడు నాలుగు సెంటీమీటర్లు తీసేసి, కుట్టు తెగిన చోట నియోప్రీన్ జిగురు ఒక చుక్క పెడితే సరి. చీలమండ దగ్గర జిప్పున్న సూటుకి మాత్రం ఇది కుదరదు. మొండెం పొడుగైతే ఏం చేయలేం, నడుము వెనక మడతలు పడి నీళ్ళు అక్కడే చేరతాయి. కాబట్టి పొట్టివాళ్ళ కోసం విడిగా వచ్చే సైజులుంటే ముందు అవే అడగండి.

అద్దె చోట్ల ఆడవాళ్ళ పెద్ద సైజు లేదని మగవాళ్ళ సూటు చేతికిస్తుంటారు. మగ సూటు భుజాల దగ్గర వెడల్పు, పిరుదుల దగ్గర ఇరుకు. పిరుదులు పట్టేదాకా సైజు పెంచుకుంటూ పోతే పైన చంకలు, మెడ వదులైపోతాయి. పైభాగం ఒక సైజు, కింది భాగం ఇంకో సైజు ఉన్నవాళ్ళకి ప్యాంటు, పైకోటు విడివిడిగా దొరికే రెండు ముక్కల సూటు నయం. పొట్ట మీద రెండు పొరలు పడితే తేలడం పెరుగుతుంది, మునగడానికి కట్టుకునే సీసం బరువులు కాస్త ఎక్కువ కట్టాలి. అయినా ఒంటికి సరిపడే సూటు దొరకడమే ముఖ్యం అనుకుంటే ఆ చిక్కు చిన్నదే.

ఇక తొడగడం. మన గాజులవాళ్ళు బిగువు గాజులు ఎలా ఎక్కిస్తారో గుర్తు తెచ్చుకోండి. చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగి, మెత్తగా జరుపుతూ దాటిస్తారే, సరిగ్గా అదే. పాదానికి కవరు తొడిగితే సూటు కాలు జర్రున జారి దిగుతుంది. మెట్టెలు, పట్టీలు ఉంటే తీసి పెట్టుకోండి, మెట్టెలు తీయకూడదు అనుకునేవాళ్ళు పల్చటి సాక్సు వేసుకుంటే అవి రబ్బరుకి పట్టుకోవు. లోపల నూలు లెగ్గింగు, బనియను వద్దు, తడిసి మడతలై చర్మం ఒరుసుకుపోతుంది. తీగలు, కొక్కేలు లేని ఈత డ్రెస్సుగానీ పల్చటి లైక్రా సూటుగానీ చాలు. లైక్రా ఉంటే నియోప్రీన్ సగం శ్రమతో ఎక్కుతుంది.

ఒళ్ళు పూర్తిగా పొడిగా ఉండాలి, లేదా సూటుతో సహా పూర్తిగా తడిసి ఉండాలి. చెమట పట్టి చెమ్మగా ఉన్న ఒంటి మీద రబ్బరు జిగురులా అతుక్కుంటుంది. బెజవాడ మే నెలలో ఇంట్లో వేసి చూసుకోవాలంటే ఏసీ వేసుకుని, ఒళ్ళు ఆరాక మొదలుపెట్టండి. సముద్రం దగ్గరైతే జుట్టుకి రాసే కండిషనర్‌ని నీళ్ళలో కలిపి తొడలకి, పిక్కలకి చిలకరిస్తే బాగా జారుతుంది. కొబ్బరినూనె, వాజెలిన్ మాత్రం వద్దు, నూనె రబ్బరునీ అతుకుల జిగురునీ తినేస్తుంది.

సూటుని నడుము దాకా తిరగేసి, కూర్చుని మొదలుపెట్టండి. చీలమండ సర్దాక గోళ్ళతో గిల్లకుండా వేళ్ళ కండతో రబ్బరుని చిటికెడు చిటికెడుగా పైకి జరపాలి. గోరు దిగితే నెలవంకలాంటి చీలిక పడుతుంది, అది రోజురోజుకీ సాగుతుంది. పిక్క, మోకాలు, తొడ, ఒక్కో చోట మడత లేకుండా నిమిరాకే పై చోటికి వెళ్ళండి. ఒక కాలు తొడ దాకా వచ్చాక రెండోది. ఇప్పుడు లేచి నిలబడి రబ్బరు కాళ్ళ మధ్య ఒంటికి ఆనిందా అని చూసుకోండి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. అక్కడ రెండంగుళాలు ఖాళీ ఉంటే ఆ రెండంగుళాలూ భుజాల దగ్గర తక్కువ పడతాయి, జిప్పు రాదు, సూటు చిన్నదనిపిస్తుంది. భుజం పట్టుకుని పైకి లాగితే ఏ లాభమూ ఉండదు. మళ్ళీ చీలమండ దగ్గరికి వెళ్ళి మిగిలిన రబ్బరుని పైకి తెచ్చుకోవాల్సిందే. కింది భాగం కుదిరాకే చేతులు తొడగాలి, సూటు చంక కూడా మీ చంకకి ఆనాలి.

జిప్పు వెనక ఉంటే తోడుమనిషి సాయం పట్టాలి. మీరు భుజాలు వెనక్కి విరిచి నిలబడితే వాళ్ళు ఒక చేత్తో జిప్పు మొదలు కిందికి పట్టి, రెండో చేత్తో పైకి లాగాలి. జడ ముందే కొప్పు పెట్టుకోండి, వెంట్రుకలు జిప్పులో పడితే ప్రాణం పోతుంది. మంగళసూత్రం, నల్లపూసలు మెడ పట్టీ కింద ఇరుక్కోకుండా ఛాతీ మీదికి జార్చుకోవడమో తీసి భద్రపరచడమో చేయాలి. మొదటిసారి మొత్తానికి పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుందని లెక్క వేసుకోండి. జిప్పు మాత్రం నీళ్ళలోకి దిగబోయే ముందే మూయండి, ఎండలో మూసి నిలబడితే వడదెబ్బే.

మెడ విషయం తేలిగ్గా తీసుకోవద్దు. మెడకి రెండు పక్కలా ఉన్న రక్తనాళాల మీద పట్టీ గట్టిగా నొక్కితే గుండె వేగం తగ్గి, తల తిరిగి, స్పృహ తప్పే ప్రమాదం ఉంది. జిప్పు వేశాక రెండు నిమిషాలు మెడ అటూ ఇటూ తిప్పి చూడండి. తల బరువెక్కినా కళ్ళు మసకబారినా వెంటనే జిప్పు విప్పి వేరే సూటు అడగండి. "అలవాటవుతుందిలే" అని ఎవరన్నా వినొద్దు. మిగతా పరీక్ష సులువు: గొంతుక్కూర్చోవాలి, చేతులు నెత్తి మీదికి ఎత్తాలి, పొట్ట నిండా గాలి పీల్చాలి. ఇవి మూడూ కుదిరి, నడుము వెనక గుంటలో గుప్పెడు రబ్బరు చేతికి రాకపోతే ఆ సూటు మీదే. ఒడ్డున కాస్త బిగువనిపించినా నీళ్ళలో సడలుతుంది.

కొవ్వు తేలుతుంది, నియోప్రీన్ కూడా తేలుతుంది. అందుకని కొందరు శిక్షకులు బొద్దుగా ఉన్నవాళ్ళకి కొలవకుండానే సీసం బరువులు దండిగా కట్టేస్తారు. పది మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపై రబ్బరులోని బుడగలు నలిగిపోతాయి, సూటు తేలే గుణం తగ్గుతుంది. పైన సరిపోయినట్టున్న ఎక్కువ బరువు అక్కడ అడుగుకి లాగుతుంది. పైనే పరీక్ష చేయమనండి. తేలడానికి గాలి నింపుకునే స్కూబా జాకెట్టులో గాలి పూర్తిగా తీసేసి, మామూలు శ్వాస పట్టి నిలబడితే నీళ్ళు కళ్ళ మట్టానికి రావాలి, శ్వాస వదిలితే మునగాలి. సిలిండరు ఖాళీ అయ్యేసరికి రెండు కిలోలకి పైగా తేలికవుతుంది, నిండు సిలిండరుతో పరీక్షిస్తే ఆ మేరకి బరువు కలుపుకోవాలి. సూటు మారితే పరీక్ష మళ్ళీ మొదటి నుంచి.

స్కూబా కేంద్రాలు నడిపేవాళ్ళకి ఒక విన్నపం. బుకింగు రోజునే బరువుతో సరిపెట్టకుండా ఈ ఏడు కొలతలూ అడగండి. ఆడవాళ్ళ పెద్ద సైజులు మూడు నాలుగైనా, పొట్టివాళ్ళవి కలిపి, ఉంచండి. తొడుక్కోవడానికి ఒక తెర కట్టిన చోటు, సాయానికి ఒక ఆడమనిషి ఉంటే ఇంకా మేలు. వెళ్ళేవాళ్ళు కూడా వారం ముందే వాట్సాప్‌లో కొలతలు పంపి, సూటు ఉందో లేదో కనుక్కున్నాకే టికెట్లు తీసుకోండి.

సొంత సూటు కొన్నవాళ్ళు వాడిన ప్రతిసారీ మంచినీళ్ళలో జాడించి, తిరగేసి, నీడలో వెడల్పాటి హ్యాంగరు మీద ఆరేయండి. మన డాబాల మీద ఎండకి వేస్తే రబ్బరు గట్టిపడి పగుళ్ళు వస్తాయి. వాషింగ్ మెషీన్, ఇస్త్రీ పెట్టె, ఈ రెండూ సూటు దరిదాపుల్లోకి రాకూడదు.

ఇట్లు,
ఒక స్కూబా శిక్షకురాలు,
మొగల్రాజపురం, విజయవాడ