మా మొబైల్ షాపు తెరిచే ఉంది. ఫుట్‌పాత్ రైడ్ గురించి అడుగుతున్నవారికి

బెంగళూరు మారతహళ్లి బ్రిడ్జి దగ్గర ఫుట్‌పాత్ మీద డూప్లికేట్ చార్జర్లు, ఇయర్‌బడ్స్ అమ్మేవాళ్లపై ఈమధ్య పోలీసుల రైడ్ జరిగింది. ఆ వీడియో మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో బాగా తిరిగింది. అప్పటినుంచి మా కస్టమర్లు ఫోన్ చేసి రెండు విషయాలు అడుగుతున్నారు. "మీ షాపుకూ వచ్చారా?" అని ఒకటి. "ఇక డూప్లికేట్ల బెడద పోయినట్టేనా?" అని ఇంకొకటి. అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మా షాపుకు ఎవరూ రాలేదు, మేం షట్టర్ దించలేదు. వస్తే చూపించడానికి ప్రతి సరుకుకూ కొన్న బిల్లు ఉంది. ఇక బెడద సంగతి, అది ఎక్కడికీ పోలేదు. వారం తిరక్కముందే అవే దుప్పట్లు పరిచారు. అవే డబ్బాలు, అవే రేట్లు.

డూప్లికేట్ల వల్ల దెబ్బతినే వ్యాపారం నాది. పేరున్న కంపెనీ 25 వాట్ల చార్జర్ బయట 200కు దొరుకుతుంటే మీ దగ్గర వెయ్యి దాటి ఎందుకు పెట్టాలని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. అలాంటి నాకు ఈ రైడ్ చూసి సంతోషం కలగాలి. కలగలేదు, ఎందుకంటే ఆ రోజు పోయింది ఎవరి సరుకో కళ్లారా చూశాను. చిత్తూరు వైపు నుంచి వచ్చిన కుర్రాడొకరు సాయంత్రాలు మా షాపు పక్కన అమ్ముతుంటాడు. చిల్లర కావాలంటే "అన్నా" అంటూ మా కౌంటర్ దగ్గరికే వస్తాడు. అతని రెండు సంచులూ జీపులో వేశారు. అందులో డూప్లికేట్ చార్జర్లు ఉన్న మాట నిజమే. ఏ బ్రాండు పేరూ లేని బ్యాక్ కవర్లు, టెంపర్డ్ గ్లాసులు కూడా ఉన్నాయి. అన్నీ కట్టగట్టి తీసుకెళ్లారు. ఏమేం తీసుకున్నారో రాసిన పంచనామా కాపీ అతని చేతికి రాలేదు.

ఆ సరుకు అతను అరువు మీద తెచ్చుకున్నది. పోయినా డబ్బు కట్టాల్సింది అతనే. ఆ అప్పు తీర్చడానికి అతనికి కనిపించిన దారి మళ్లీ అదే మాల్ తెచ్చి ఇంకాస్త ఎక్కువ అమ్మడం. అరువిచ్చిన గోడౌన్ మనిషికి మాత్రం పైసా నష్టం లేదు.

చట్టంలో లోటుందా అంటే, నాకు అలా అనిపించదు. 1999 ట్రేడ్ మార్క్స్ చట్టంలో 103, 104 సెక్షన్ల కింద నకిలీ బ్రాండు వేసినవారికీ, అమ్మినవారికీ 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. 115వ సెక్షన్ ప్రకారం డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి, ముందుగా ట్రేడ్ మార్క్స్ రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకుని, వారెంట్ లేకుండానే సోదా చేయొచ్చు. సరుకుతోపాటు అచ్చులు, యంత్రాలు, ప్లేట్లు కూడా పట్టుకోవచ్చని ఆ సెక్షన్‌లోనే రాసి ఉంది. ఫుట్‌పాత్ మీద అచ్చులూ యంత్రాలూ ఎక్కడుంటాయి? బయటి దేశం నుంచి వచ్చే నకిలీ సరుకును కస్టమ్స్ దగ్గరే ఆపడానికి 2007లో విడిగా నిబంధనలు తెచ్చారు. బ్రాండు కంపెనీ తన హక్కును అక్కడ నమోదు చేయించుకుంటే, అనుమానం వచ్చిన కంటైనర్‌ను అధికారులు నిలిపివేయొచ్చు. ఒక కంటైనర్ ఆగితే ఎన్ని వందల సంచుల మాల్ రోడ్డెక్కకుండా ఆగుతుందో మీరే ఆలోచించండి.

నకిలీ సరుకు దొరికే మార్కెట్లంటూ అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయం ఇచ్చిన 2023 జాబితాలో బెంగళూరులో ఎలక్ట్రానిక్ సరుకు దొరికే మన ఎస్పీ రోడ్డు (సదర్ పత్రప్ప రోడ్డు) పేరు కూడా ఉంది. నేను సరుకు తెచ్చేది ఎక్కువగా అక్కడినుంచే. బిల్లు లేకుండా పిన్ను కూడా అమ్మని డీలర్లు ఆ రోడ్డులో ఉన్నారు, నా వ్యాపారం వాళ్లతోనే. ఆ జాబితా చూసినప్పుడు వాళ్లను తలచుకుని బాధేసింది.

ఇంత పట్టింపు ఎందుకంటే, మొన్న ఒక కస్టమర్ కాలిపోయిన ఫుట్‌పాత్ చార్జర్ తెచ్చారు. ఫోన్‌లో చార్జింగ్ చూసుకునే చిప్పు (చార్జింగ్ ఐసీ) కూడా పోయింది. ఆయన ముందే చార్జర్ విప్పాం. ఫ్యూజ్ ఉండాల్సిన చోట తీగ ముక్క పెట్టి అతికించారు. 230 వోల్టులు వచ్చే వైపుకూ, ఫోన్‌కు 5 వోల్టులు వెళ్లే వైపుకూ మధ్య బోర్డు మీద కొన్ని మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. మంచి చార్జర్లలో చాలావాటికి అక్కడ బోర్డునే కోసి గాడి పెడతారు. ఇందులో సోల్డర్ చుక్కలు రెండు వైపులనుంచీ ఒకదానికొకటి దాదాపు తగులుతున్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ మీద పసుపు టేపు ఒక్క చుట్టే ఉంది. అది మాడిందంటే గోడ కరెంటు కేబుల్లోకి, అక్కణ్నుంచి ఫోన్ పట్టుకున్న చేతిలోకి వస్తుంది. మనలో చాలామంది దీన్ని రాత్రంతా తలగడ పక్కన పెట్టుకుని పడుకుంటున్నాం.

ఆ చార్జర్ పైన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు చక్కగా అచ్చువేసి ఉన్నాయి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఇంకేదో కంపెనీ, ఇంకేదో వస్తువు వచ్చింది. ఈ యాప్ ఉచితం. అడాప్టర్లకూ పవర్ బ్యాంకులకూ ఈ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి ఎక్కడ కొన్నా, మా దగ్గర కొన్నా సరే, ఒకసారి నంబరు కొట్టి చూడండి.

ఇకనుంచి మా బిల్లు మీద కంపెనీ పేరు, మోడల్‌తోపాటు ఆ ఆర్ నంబరు కూడా రాస్తాం. ఫస్ట్ కాపీ అనే సరుకు, అంటే అసలుదానిలాగే కనిపించే నకిలీ, మా దగ్గర లేదు, అడిగినా తెప్పించం. వెయ్యి పెట్టలేనివారికి చిన్న కంపెనీల రిజిస్టర్డ్ చార్జర్లు 400 లోపు పెట్టాం. వీటి మీద మాకు మిగిలేది తక్కువే, అయినా ఇవి ఉండాలి. లేకపోతే జనం మళ్లీ ఆ 200 రూపాయల దాని దగ్గరికే పోతారు. డిస్‌ప్లే కాంబోల (స్క్రీన్, టచ్ గ్లాసు కలిసి వచ్చేవి) సంగతి కూడా దాచకుండా చెప్తాను. చాలా మోడళ్లకు కంపెనీ డిస్‌ప్లే సర్వీస్ సెంటర్ బయట దొరకదు. మేం వేసేది వేరే తయారీ అయితే వేయకముందే చెప్తాం, బిల్లు మీద కూడా అలాగే రాస్తాం.

ఆ కుర్రాడికి కవర్లు, గ్లాసులు, ఈ చిన్న కంపెనీ చార్జర్లు నేను కొన్న రేటుకే ఇస్తానన్నాను. డూప్లికేట్‌లో వచ్చినంత లాభం ఇందులో రాదని అతనికీ తెలుసు. ఇంకా జవాబు చెప్పలేదు. 2014 వీధి వ్యాపారుల చట్టం గురించి కూడా చెప్పాను. ఆ చట్టం కింద నగరపాలక సంస్థ సరుకు పట్టుకుంటే జాబితా కాపీ ఇవ్వాలి. కవర్లలాంటి పాడవని సరుకునైతే అడిగిన రెండు పనిదినాల్లో, ఫీజు కట్టించుకుని తిరిగివ్వాలి. రైడ్ చేసిన పోలీసు అధికారులకు నా మనవి ఒకటే. ఫుట్‌పాత్ మీద ఎవరి సరుకైనా పట్టుకున్నప్పుడు అది ఏ గోడౌన్ నుంచి వచ్చిందో కూడా అడిగి రాసుకోండి. ఆ కాగితం పట్టుకుని అక్కడిదాకా వెళ్లండి.

ఇంట్లో ఉన్న చార్జర్ మీద అనుమానం ఉంటే షాపుకు తీసుకురండి. నంబరు చూసి, అవసరమైతే విప్పి చూపిస్తాం. డబ్బులేమీ తీసుకోం. ఆదివారం మధ్యాహ్నం రెండింటి దాకే ఉంటాం, మిగతా రోజుల్లో రాత్రి తొమ్మిది దాకా.