ఎడారిలో మన ఫ్రేమ్ బ్యాగ్ జిప్ ఫెయిలైంది, అందుకే ఈ మార్పులు

అందరికీ నమస్కారం. మేం కుట్టి అమ్మే ఫ్రేమ్ బ్యాగ్ (సైకిల్ ఫ్రేమ్ మధ్య ఖాళీలో కట్టుకునే సంచి) ఆర్డర్ పెట్టి ఎదురుచూస్తున్న వాళ్ళకీ, ఇప్పటికే కొని వాడుతున్న వాళ్ళకీ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. పోయిన చలికాలం నేనూ మా బావమరిదీ మన బ్యాగులే కట్టుకుని ఎడారిలో సైకిళ్ళ మీద తిరిగాం, మూడో రోజు మధ్యాహ్నం నా ఫ్రేమ్ బ్యాగ్ జిప్ వదిలేసింది. తప్పు ఎడారిది కాదు, నా డిజైన్‌ది. ఎలాగో చెప్తాను.

ఆ రోజు తెల్లారేసరికి టెంట్ బయట మైనస్ 3 డిగ్రీలు. ఎడారి అనగానే ఎండే గుర్తొస్తుంది గానీ అక్కడ గాలిలో తేమ తక్కువ, మబ్బులూ తక్కువ, పగలు నేల పట్టుకున్న వేడిని రాత్రి ఆపేది ఏదీ ఉండదు. పైగా మేం టెంట్ వేసింది ఎండిపోయిన వాగు పక్కన పల్లంలో, చల్లగాలి బరువు కదా, రాత్రంతా జారుకుంటూ అక్కడికే చేరుతుంది, కాస్త మెరక చూసుకుని వేసుంటే అంత వణికేవాళ్ళం కాదు. బాటిళ్ళు తలకిందులుగా నిలబెట్టాం కాబట్టి (నీళ్ళు పైనుంచి గడ్డకడతాయి, అలా పెడితే మూత దగ్గర ఫ్రీగా ఉంటుంది) వాటికేం కాలేదు, కానీ వాటర్ బ్యాగ్ పైపులోకి గాలి ఊది నీళ్ళు వెనక్కి పంపడం మర్చిపోయాను, అది కర్రలా బిగుసుకుపోయింది.

జిప్ కూడా అప్పుడే మొండికేసింది. నీళ్ళు దిగకుండా పైన కోటింగ్ ఉన్న జిప్ అది, చలికి ఆ కోటింగ్ గట్టిపడుతుంది, మందపాటి గ్లౌజులతో రన్నర్ (జిప్ మీద అటూ ఇటూ జరిగే ముక్క) సరిగ్గా చేతికి చిక్కదు, నేను పక్కకి లాగాను. అలా లాగకూడదు, తెలుసు, కానీ వేళ్ళు కొంకర్లు పోతుంటే ఎవరైనా అలాగే లాగుతారు.

తొమ్మిదిన్నరకి జాకెట్ తీసేశాం. పదిన్నరకి స్వెటర్, తర్వాత టోపీ, గ్లౌజులు, పన్నెండుకల్లా ఒక్క షర్ట్ మీద తొక్కుతున్నాం, 21 డిగ్రీలు. తీసినవన్నీ ఎక్కడికి పోతాయి? ఫ్రేమ్ బ్యాగ్‌లోకే. అందులో అప్పటికే 3 లీటర్ల నీళ్ళున్నాయి, అంటే 3 కిలోలు. బ్యాగ్ పొట్ట ఉబ్బి జిప్ విల్లులా వంగింది. నేను ఆ బ్యాగ్ కుట్టేటప్పుడు పొద్దున్నే సర్దేసి మళ్ళీ సాయంత్రమే తీసే మనిషిని ఊహించుకున్నాను, కానీ చలికాలం ఎడారిలో ఒక్క రోజులోనే రెండు కాలాలుంటాయి, బ్యాగ్ ఇరవై సార్లు తెరుస్తారు, అదీ నిండా కుక్కి, దుమ్ములో. ఇది నాకు అక్కడికి వెళ్ళేదాకా తట్టలేదు.

దారి గురించి కూడా చెప్పాలి. సిమెంట్ రేకు పరిచినట్టు అడ్డంగా అలలు అలలుగా ఉండే మట్టి రోడ్డు, చేతులు తిమ్మిరెక్కిపోయాయి, బాటిల్ కేజ్ బోల్టులు రెండుసార్లు బిగించాం. తర్వాత ఇసుక మేటలు. టైర్లలో గాలి 40 పీఎస్ఐ నుంచి 22కి దించితే గానీ చక్రం తేలలేదు. ఒక చోట భోజనానికని రోడ్డు దిగి సైకిళ్ళు తోసుకెళ్ళాం, తిరిగొచ్చేసరికి నా ముందు టైరుకి ఏడు పల్లేరు కాయలు! చలికాలానికి మొక్క ఎండిపోయి కనిపించదు, ముళ్ళు మాత్రం పదునుగా అలాగే ఉంటాయి. రోడ్డు దిగితే సైకిల్ ఎత్తుకునే నడవండి, ప్యాచ్‌లు ఎన్ని ఉన్నా చాలవు.

రెండు గంటలకి ఎదురుగాలి మొదలైంది, సన్నటి దుమ్ముతో. మూడింటికి జాకెట్ కోసం జిప్ తీసి మళ్ళీ వేశాను, కొంచెం దూరం పోయాక వెనకనుంచి "బావా ఆగు, బ్యాగ్ తెరుచుకుంది" అని కేక. రన్నర్ ముందుకు వెళ్తోంది, దాని వెనక పళ్ళు విడిపోతున్నాయి. ఒక గ్లౌజు ఎక్కడో జారిపోయింది, వెనక్కి 2 కిలోమీటర్లు వెళ్ళి వెతికి తెచ్చుకున్నాను, గ్లౌజు లేకుండా మర్నాడు పొద్దున బ్రేకులు పట్టుకోవడం అయ్యే పని కాదు. 90 కిలోమీటర్లు అనుకున్న రోజు 64 దగ్గర ఆగింది, ఎందుకంటే ఆరు లోపే పొద్దు గుంకుతుంది, గుంకిన అరగంటకే చలి దిగిపోతుంది.

ఇంటికొచ్చి విప్పి చూస్తే పళ్ళు బాగానే ఉన్నాయి. అరిగింది రన్నర్ లోపలి దవడ, ఇసుక దాన్ని ఆకురాయిలా తినేసింది, ఇంక పళ్ళని దగ్గరికి నొక్కలేకపోతోంది. దారిలో కటింగ్ ప్లేయర్‌తో రన్నర్ రెండు పక్కలా మెల్లిగా నొక్కితే మూడు రోజులు పనిచేసింది, మీకూ ఇలా అయితే అదే చేయండి.

ఇక మార్పులు. 5వ నంబర్ కోటెడ్ జిప్ మానేసి 10వ నంబర్ (నంబర్ పెరిగితే పళ్ళు పెద్దవి) మామూలు జిప్ పెడుతున్నాం, పైన వాన పడకుండా గుడ్డ ఫ్లాప్ వస్తుంది. గ్లౌజుతో పట్టుకునేలా రన్నర్‌కి పొడుగు తాడు. తీసేసిన బట్టలకి వేరే చోటు ఉండాలని హ్యాండిల్ బ్యాగ్ మీద ఎలాస్టిక్ తాడు కడుతున్నాం, జాకెట్ అక్కడ దోపేయొచ్చు. "ఏ వాతావరణానికైనా" అని మనం రాసుకున్న మాట తీసేశాను, చలికాలంలో మైనస్ 40 దాకా పడిపోయే గోబీ లాంటి చోట నేను పరీక్షించలేదు కాబట్టి ఆ మాట అనే హక్కు నాకు లేదు.

పెండింగ్ ఆర్డర్లు మూడు వారాలు ఆలస్యమవుతాయి, కుట్టేది నేనూ మా ఆవిడా ఇద్దరమే. ఆగలేని వాళ్ళకి డబ్బు మొత్తం వెనక్కి ఇస్తాను, కారణం అడగను. పాత బ్యాగ్ ఉన్నవాళ్ళు రన్నర్ వెనక అంకె చూడండి, 5 అని ఉంటే నాకు రాయండి, కొత్త రన్నర్ ఉచితంగా పంపిస్తాను, జిప్ మొత్తం మార్పించుకోవాలంటే బ్యాగ్ పంపండి, రానూపోనూ కొరియర్ ఖర్చు నాదే. ఈలోగా పళ్ళని పాత టూత్‌బ్రష్‌తో పొడిగా దులపండి, నూనె మాత్రం రాయకండి, దుమ్మంతా దానికే అంటుకుంటుంది.