మ్యాక్ ఆలస్యంగా లేస్తే ర్యామే మార్చాలా?

సంపాదకులకు నమస్కారం.

కంప్యూటర్ ఆన్ కావడానికి లేటైతే ర్యామ్ పెంచండి, ఎస్ఎస్‌డీ వేయించండి అని మీ టెక్ పేజీలో రాశారు, తప్పని అనను గానీ పాత మ్యాక్ (యాపిల్ కంప్యూటర్) వాడేవాళ్లకి పైసా ఖర్చు లేని సంగతి ఒకటి అందులో రాలేదు.

మ్యాక్ లేవాలంటే కెర్నల్‌తో (సిస్టమ్ అంతటికీ గుండెలాంటి ప్రోగ్రామ్) పాటు దానికి తోడయ్యే కెర్నల్ ఎక్స్‌టెన్షన్లు కూడా లోడ్ కావాలి. గ్రాఫిక్స్, సౌండ్, యూఎస్‌బీ లాంటివాటిని నడిపించే సాఫ్ట్‌వేర్లు, అంటే డ్రైవర్లు, చాలావరకు ఇవే. ఒక్కోటీ ఒక్కో ఫోల్డర్, ఏది దేని మీద ఆధారపడుతుందో చెప్పే ఫైలు ఒకటి అందులోనే ఉంటుంది. ప్రతిసారీ వీటన్నిటినీ తెరిచి, చదివి, ఒకదానికొకటి లింక్ చేసుకుంటూ కూర్చుంటే తిరిగే హార్డ్ డిస్క్ మీద ఎంతసేపు పడుతుందో చెప్పక్కర్లేదు, అందుకే సిస్టమ్ ఆ పని ఒకసారి చేసేసి కెర్నల్‌నీ కావాల్సిన ఎక్స్‌టెన్షన్లనీ కలిపి ఒకే ఫైలుగా దాచుకుంటుంది. అదే కెర్నల్ క్యాష్ (cache, అంటే మళ్లీ వాడుకోడానికి దాచుకున్నది).

కొత్త డ్రైవర్ వేస్తే ఎక్స్‌టెన్షన్లన్నీ ఉండే ఎక్స్‌టెన్షన్స్ ఫోల్డర్ తేదీ మారుతుంది, పాత క్యాష్ చెల్లదు, మళ్లీ తయారవుతుంది. ఆ ఒక్కసారి నెమ్మదిస్తే టెన్షన్ పడొద్దు. స్పీడ్ పెంచుతామంటూ క్యాష్‌లన్నీ ఊడ్చేసే క్లీనర్ యాప్‌లు ఉన్నాయే, వాటితో జరిగేది సరిగ్గా దీనికి రివర్స్!

క్యాష్ నిజంగా పాడైందనిపిస్తే, 2014 నాటి మ్యాక్ సిస్టమ్ వెర్షన్ యోసెమిటీ దాకా, టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే యాప్) ఆ ఎక్స్‌టెన్షన్స్ ఫోల్డర్ మీద 'సుడో టచ్' (sudo touch, ఫోల్డర్ తేదీ మార్చే కమాండ్) కొడితే చాలు. 2020లో వచ్చిన బిగ్ సర్ వెర్షన్ నుంచి ఈ క్యాష్ బదులు కెర్నల్ కలెక్షన్ల పద్ధతి వచ్చింది, డిస్క్‌లో సిస్టమ్ ఉండే భాగాన్ని మార్చకుండా సీలు కూడా వేశారు, కాబట్టి అక్కడ ఈ చిట్కా ప్రయత్నించొద్దు.

- ఒక పాఠకుడు