మా పంట ఆరే చోటు కోసం: వ్యవసాయాధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన వ్యవసాయాధికారి గారికి,

ఎండ వేడితో పంటను ఆరబెట్టే ఉమ్మడి సోలార్ డ్రైయర్ మంజూరు చేయమని మూడుసార్లు అర్జీ పెట్టుకున్నాం. జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందు రాస్తున్నాను.

మొక్కజొన్న నిల్వ ఉండాలంటే గింజలో తేమ 13–14 శాతానికి దిగాలి. కోత వేళకు 20 శాతం పైనే ఉంటుంది. రోడ్డు మీద ఆరబోసిన గింజలపై వాన పడిన రాత్రి ముసలివాళ్లు సైతం పరదాలు పట్టుకుని పరుగెత్తారు. తెల్లవారి గుప్పిట్లోకి తీసుకుంటే గింజలు వెచ్చగా ఉన్నాయి, ముక్కిపోయిన వాసన వేశాయి. కొద్ది రోజులకే పచ్చటి బూజు పట్టింది. ఆ బూజు నుంచి పుట్టే అఫ్లాటాక్సిన్ కాలేయానికి విషం. వండినా పూర్తిగా పోదు. అమ్ముడుపోని ఆ గింజలను చివరికి తినేది మా పిల్లలే.

మేము అడిగేది ఖరీదైన కర్మాగారం కాదు. పారదర్శకమైన కప్పు, ఎండకు కాగే నల్లటి రేకు, జల్లెడ తట్టలు, తేమగాలి బయటికి పోయే గొట్టం. కలపను సైతం ఇదే సూత్రంతో ఆరబెడుతున్నారు. వాన, దుమ్ము, పక్షుల బెడద ఉండదు. కట్టెలు కాల్చే పనీ లేదు.

వచ్చే కోతల్లోపు డ్రైయర్ మంజూరు చేయండి. కుదరదంటే, కారణాన్ని రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇట్లు,
ఒక రైతు