కరెంటు రాకుండానే మూసేసిన ఫిర్యాదు గురించి

విశాఖపట్నం,
10 జూన్ 2025

విద్యుత్ పంపిణీ సంస్థ చైర్మన్, మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి ఆరు రోజులు ఇబ్బంది పడితే, మీ రికార్డులో అది 40 నిమిషాల్లో సరిచేసిన ఫ్యూజ్ కాల్‌గా, అంటే ఫ్యూజ్ పోయిందన్న ఫిర్యాదుగా, నమోదు కావడం గురించి.

అయ్యా,

మేం కంచరపాలెంలో ఉంటాం. మేడ మీద కాపురం. కింద గదిలో ఇడ్లీ పిండి, దోసె పిండి రుబ్బి చుట్టుపక్కల ఇళ్ళకీ, రెండు టిఫిన్ బళ్ళకీ ఇస్తుంటాను. ఇంటికొక మీటరు, కింద గదికి కమర్షియల్ మీటరు ఉన్నాయి. రెండింటి బిల్లూ ఇప్పటిదాకా ఒక్క నెల కూడా గడువు దాటనివ్వలేదు.

మే 16, శుక్రవారం రాత్రి 9.40కి మా వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ పెద్ద చప్పుడుతో పేలింది. ఆయిల్ కారి కింద మట్టి నల్లగా తడిసిపోయింది. 9.50కి నేను మీ ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పేలింది ట్రాన్స్‌ఫార్మర్ అని, ఫ్యూజ్ కాదని రెండుసార్లు చెప్పాను. కంప్లయింట్ నంబర్ ఇచ్చారు. సరిగ్గా 10.30కి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీ ఫిర్యాదు పరిష్కరించబడింది అని. అప్పుడు నేను చీకట్లో మా మావయ్య గారి మంచం పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతున్నాను. ఆయనకి ఆయాసం. వీధి మొత్తానికి ఒక్క దీపం లేదు.

వెంటనే మళ్ళీ ఫోన్ చేశాను. ఇంకో నంబర్ ఇచ్చారు. తెల్లవారేసరికి అదీ పరిష్కారమైపోయింది, ఫోన్‌లోనే.

శనివారం మధ్యాహ్నం లైన్‌మన్ గారు వచ్చారు. పాపం ఆయన ఏమీ దాచలేదు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందమ్మా, షెడ్డు నుంచి వేరేది రావాలి, అప్పటిదాకా పక్క వీధి ట్రాన్స్‌ఫార్మర్ మీద మీ లైను కలుపుతాను అని చెప్పి, ఎండలో స్తంభం ఎక్కి కలిపారు. అలా మాకు కరెంటు వచ్చింది. కానీ రెండు వీధుల బరువు ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ మీద పడింది.

ఆ తర్వాతి ఐదు రోజులూ మా ఇంట్లో ఉన్నదాన్ని కరెంటు అనడం కష్టం. ఫ్యాన్ రెక్కలు లెక్కపెట్టుకునేంత నెమ్మదిగా తిరిగేది. ట్యూబ్‌లైట్ రెండు కొసలూ ఎర్రగా కనబడేవి తప్ప వెలిగేది కాదు. కింద గ్రైండర్ స్విచ్ వేస్తే గుయ్యిమని మూలిగేది, రాయి కదిలేది కాదు. మోటారు కాలిపోతుందేమోనని భయపడి తీసేసేదాన్ని. మాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ కుర్రాడు సోమవారం సాయంత్రం ఏడింటికి ప్లగ్గులో మీటరు పెట్టి చూస్తే 150 వోల్టులు చూపించింది. 230 ఉండాల్సిన చోట 150. ఆ మీటరు ఫొటో తీసి పెట్టుకున్నాను, ఈ లేఖకి జత చేస్తున్నాను.

శుక్రవారం సాయంత్రం రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టిన పిండి మర్నాడు మధ్యాహ్నానికల్లా పులిసిపోయి, డబ్బాల మూతలు లేపుకుని బయటికి పొంగింది. ముప్పై కిలోలు. బక్కెట్లతో మోసుకెళ్ళి కాలవలో పోశాను. అన్నం పెట్టే సరుకుని అలా పోయడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుస్తుంది. టిఫిన్ బండి ఆవిడ రెండు రోజులు ఓపిక పట్టి, మూడో రోజు నుంచి మర్రిపాలెంలో ఇంకొకరి దగ్గర తీసుకోవడం మొదలుపెట్టింది. ఆమె తప్పు కాదు, ఆమెకీ పొద్దున్నే ఇడ్లీ పడాలి కదా.

సోమవారం లో వోల్టేజ్ అని నాలుగో ఫిర్యాదు ఇచ్చాను. మూడోది శనివారం పొద్దున ఇచ్చినది, లైను కలపగానే మూసేశారు. ఈ నాలుగోదాన్ని అదే రోజు రాత్రి ‘వోల్టేజ్ సాధారణం’ అని మూసేశారు. మా ఇంటికి ఎవరూ వచ్చి చూడలేదు. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ మే 22, గురువారం మధ్యాహ్నం బిగించారు.

ఇంతవరకు జరిగింది కష్టమే, కానీ దాని కోసమే అయితే ఈ లేఖ రాసేదాన్ని కాదు. మే నెల ఉక్కపోతలో ఏసీల లోడు పెరిగి ట్రాన్స్‌ఫార్మర్లు కాలడం నాకు తెలియని సంగతి కాదు. మా మావయ్య గారు పాత విద్యుత్ బోర్డులో లైన్‌మన్‌గా చేరి, మీ సంస్థలో రిటైర్ అయ్యారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి ఊరంతా స్తంభాలు పడిపోయినప్పుడు, వేరే జిల్లాల నుంచి వచ్చిన లైన్ సిబ్బంది రాత్రింబవళ్ళు పనిచేయడం మేం కళ్ళారా చూశాం. అప్పుడు మాలో ఎవరూ ఫిర్యాదు చేయలేదు, మంచినీళ్ళూ టీలూ అందించాం. నా బాధ లైన్‌మన్ గారితో కాదు.

జూన్ 2న పరిహారం అడగడానికి మా సెక్షన్ ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి అధికారి మర్యాదగానే కూర్చోబెట్టి, కంప్యూటర్ తెర నా వైపు తిప్పారు. నా మొదటి ఫిర్యాదు ఎదురుగా ‘ఫ్యూజ్ ఆఫ్ కాల్, సరఫరా పునరుద్ధరించబడింది’ అని ఉంది. “సిటీలో ఫ్యూజ్ కాల్‌కి నాలుగు గంటల టైమ్ ఉంటుందమ్మా. మీది నలభై నిమిషాల్లో అయిపోయింది. ఇంక పరిహారం ఎలా వస్తుంది?” అన్నారు. మరి ట్రాన్స్‌ఫార్మర్ మార్చారు కదా అంటే, దానికీ మీ ఫిర్యాదుకీ సిస్టమ్‌లో లింకు లేదన్నారు.

అయ్యా, నేను అడిగేది ఆ లింకు గురించే.

రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి పెట్టిన ప్రమాణాల ప్రకారం నగరంలో ట్రాన్స్‌ఫార్మర్ చెడితే 24 గంటల్లో, పల్లెల్లో అయితే 48 గంటల్లో సరిచేయాలి. మాకు ఆరో రోజున వచ్చింది. ప్రమాణం తప్పితే వినియోగదారుడికి పరిహారం కట్టాలని 2003 విద్యుత్ చట్టం 57వ సెక్షన్ చెబుతోంది. 59వ సెక్షన్ ఇంకో మాట చెబుతోంది. ప్రమాణాలు ఏ మేరకు అందుకున్నారో, ఎన్ని కేసుల్లో ఎంత పరిహారం ఇచ్చారో మీరు మండలికి నివేదించాలి, మండలి దాన్ని ఏడాదికి ఒకసారైనా ప్రజల ముందు పెట్టాలి. అంటే మీరు పంపే కాగితమే మండలికి కళ్ళు. మా వీధిలో ఆరు రోజుల చీకటి, మసక వెలుతురు ఆ కాగితంలో 40 నిమిషాలుగా వెళితే, మండలి మిమ్మల్ని మెచ్చుకుంటుంది తప్ప అడగదు. నాకు పోయిన పిండి కంటే ఇదే ఎక్కువ బాధగా ఉంది. ఎందుకంటే ఇలా మూసేసిన ఫిర్యాదు నాదొక్కటే అయి ఉండదు.

మాది ప్రభుత్వ సంస్థ, లాభం కోసం నడిపేది కాదు అని ఆ రోజు ఆఫీసులో ఒకాయన అన్నారు. నిజమే, మీ వాటాలన్నీ ప్రభుత్వానివే. ఆ మాటకి నాకూ గౌరవం ఉంది, సంస్థ ప్రైవేటు చేతికి పోవాలని నేను కోరుకోవడం లేదు. కానీ ప్రభుత్వానిది కాబట్టే ఇంకా గట్టిగా లెక్క చూపించాలి. మీ డైరెక్టర్లను వేసేది ప్రభుత్వం. వ్యవసాయానికి ఉచిత కరెంటు ఇమ్మనేదీ, ఆ సబ్సిడీ కట్టాల్సిందీ ప్రభుత్వమే. మండలి సభ్యులను నియమించేదీ, సెలక్షన్ కమిటీ సిఫార్సు మీదే అయినా, ప్రభుత్వమే. ఇన్ని చోట్ల ఒకే చెయ్యి ఉన్నప్పుడు మాలాంటివాళ్ళ తరఫున మీ లెక్కని బయట నుంచి చూడగలది మండలి ఒక్కటే. బోర్డు రోజుల్లో కరెంటు అమ్మేదీ, రేటు పెట్టేదీ బోర్డే. 1999లో బోర్డుని విడగొట్టి, బయట నుంచి చూసేవాళ్ళు కావాలనే ఈ మండలిని పెట్టారు. అది ప్రైవేటు కంపెనీలకి మాత్రమే అని చట్టంలో ఎక్కడా లేదు. లైసెన్సు ఉన్న ప్రతి సంస్థకీ అవే నిబంధనలు.

పైగా డబ్బు రావాల్సినప్పుడు ఇదే మండలి ఆర్డరుని మీరు తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు. మా ఇంటి మీటరులో 225 యూనిట్లు దాటాక యూనిట్‌కి 8 రూపాయల 75 పైసలు పడుతుంటే, అది మండలి ఖరారు చేసిన రేటని కడుతున్నాం. 2022–23లో కొన్న కరెంటుకి అదనంగా అయిన ఖర్చుని 2024 డిసెంబర్ నుంచి మా బిల్లుల్లో సర్దుబాటు చార్జీగా వేశారు. ఆ ఏడాది వాడేసిన కరెంటు, కట్టేసిన బిల్లు, అయినా మళ్ళీ కట్టాం. ప్రతి యూనిట్ లెక్కా అన్నాళ్ళు జాగ్రత్తగా దాచగలిగిన సిస్టమ్‌కి, గత నెలలో ఆరు రోజులు ఎలా కనబడకుండా పోయాయి?

సాక్ష్యం లేదని అనకండి. మా మావయ్య గారు చెప్పిన ఒక మాట రాస్తున్నాను. ట్రాన్స్‌ఫార్మర్ మార్చాలంటే సబ్‌స్టేషన్ నుంచి ఎల్.సి. (లైన్ క్లియర్, అంటే లైనులో కరెంటు ఆపాం, పని చేసుకోవచ్చు అన్న అనుమతి) తీసుకోకుండా ఎవరూ లైను ముట్టుకోరు. ఎల్.సి. ఎన్నింటికి తీసుకున్నారు, ఎన్నింటికి తిరిగి ఇచ్చారు అన్నది ఆపరేటర్ లాగ్ బుక్‌లో రాస్తాడు. “ప్రాణాల లెక్కమ్మా అది, అందులో ఎవడూ అబద్ధం రాయడు” అన్నారాయన. మే 17న మా లైను కలిపినప్పటి ఎల్.సి., మే 22న ట్రాన్స్‌ఫార్మర్ మార్చినప్పటి ఎల్.సి. రెండూ ఆ పుస్తకంలో ఉండాలి. కాలిన ట్రాన్స్‌ఫార్మర్ షెడ్డుకి వెళ్ళిన తేదీ, కొత్తది స్టోర్స్ నుంచి వచ్చిన తేదీ కూడా మీ దగ్గరే ఉంటాయి. ఆ తేదీలను నా నాలుగు ఫిర్యాదుల పక్కన పెట్టి చూడండి. మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు, రెండు మీటర్ల బిల్లుల కాపీలు జత చేశాను.

నేను కోరేది ఏమిటంటే, ముందుగా ఆ రికార్డు సరిచేయాలి. 16వ తేదీ నాటి నా ఫిర్యాదు ట్రాన్స్‌ఫార్మర్ వైఫల్యంగా నమోదు కావాలి, సరిచేసిన తేదీ మే 22 అని ఉండాలి, మండలికి వెళ్ళే నివేదికలో అలాగే వెళ్ళాలి. రెండోది, పరిహారం నాకొక్కదానికి కాదు, ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉన్న ప్రతి సర్వీసుకీ లెక్కగట్టి బిల్లులో తగ్గించాలి. మా వీధిలో చాలామందికి ఇలాంటిది ఒకటి ఉందనే తెలియదు. అడిగినవాళ్ళకే ఇస్తాం అంటే అడగడం రానివాళ్ళు ఎప్పటికీ నష్టపోతూనే ఉంటారు. అలా ఇచ్చిన పరిహారాన్ని వచ్చే ఏడాది టారిఫ్ ప్రతిపాదనల్లో ఖర్చుగా చూపించి తిరిగి మా మీదే వేయవద్దని కూడా కోరుతున్నాను.

ఇంకొకటి, చిన్న మార్పే కానీ నాకు అన్నిటికంటే ముఖ్యం. ఫిర్యాదు మూసే ముందు ఫిర్యాదు ఇచ్చినవాళ్ళని అడగండి. గ్యాస్ బండ ఇచ్చేవాళ్ళు మా ఫోన్‌కి వచ్చిన నంబర్ చెబితే గాని డెలివరీ అయినట్టు రాసుకోవడం లేదు. కరెంటు వచ్చిందా లేదా అని ఒక నంబర్ మా దగ్గర తీసుకుని మూయడానికి మీకు అడ్డేమిటి?

ఫోన్‌లో సమాధానం చెప్పవద్దు, రాతపూర్వకంగా ఇవ్వండి. ఈ లేఖ అందిన 15 రోజుల్లో ఇవ్వకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకి వెళ్తాను. అక్కడా తేలకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తాను. వచ్చే ఏడాది టారిఫ్ మీద మండలి బహిరంగ విచారణ పెట్టినప్పుడు ఇవే కాగితాలు పట్టుకుని వచ్చి మాట్లాడతాను. నాకు మైకులో మాట్లాడే అలవాటు లేదు, అయినా మాట్లాడతాను.

మా మావయ్య గారు ఈ లేఖ అంతా చదివించుకుని విన్నారు. ఎల్.సి. గురించి రాసిన చోట సబ్‌స్టేషన్ పేరు కూడా రాయమన్నారు. మీ సిబ్బందిలో ఎవరికీ ఇబ్బంది రాకూడదని ఇక్కడ రాయలేదు. విచారణకి ఎవరైనా అధికారి వస్తే నేరుగా చెబుతాను. పొద్దున పదకొండు దాటాక ఎప్పుడు వచ్చినా ఇంట్లోనే ఉంటాను, అంతకుముందు పిండి ఇచ్చే పనిలో ఉంటాను.

ఇట్లు,
కంచరపాలెం వినియోగదారు
(రెండు సర్వీసు నంబర్లు, నాలుగు కంప్లయింట్ నంబర్లు జతచేసిన కాగితంలో ఉన్నాయి)