సముద్ర దోసకాయకు నిషేధం ఒక్కటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

అక్రమంగా తరలిస్తున్న సముద్ర దోసకాయలు పట్టుబడ్డాయన్న వార్త అప్పుడప్పుడూ చదువుతుంటాం. ఫొటోలో నల్లగా ఎండిన ముక్కల కుప్ప, పక్కన తల దించుకున్న కుర్రాళ్ళు, కింద ‘వింత జీవి’ అని ఒక మాట. మాది పోర్ట్‌బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం)లోని జంగ్లీఘాట్. మా నాన్న శ్రీకాకుళం నుంచి వేటకని వచ్చి అండమాన్‌లోనే స్థిరపడ్డారు. నాకు ఈ జీవి చిన్నప్పటి నుంచీ తెలుసు. అందులో వింతేమీ లేదు.

పేరుకి దోసకాయే గానీ ఇది జంతువు. స్టార్‌ఫిష్‌కి చుట్టం. పాటు వేళ, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, మోకాలి లోతు నీళ్ళలో నడిస్తే ఇసుకలో సగం కూరుకుపోయి కనిపించేది. చేత్తో ఎత్తితే ముందు బిగుసుకుపోతుంది, కాసేపటికి మెత్తబడుతుంది. కొన్ని రకాలు బెదిరితే తెల్లటి జిగురు దారాలు వదులుతాయి. అవి వేళ్ళకి అంటుకుంటే ఓ పట్టాన పోవు. దాని పనల్లా ఇసుక మింగడం, అందులోని కుళ్ళిన పదార్థం తినడం, మిగిలిన ఇసుకని జంతికల గొట్టంలోంచి వచ్చినట్టు వెనక నుంచి వదిలేయడం. పొలానికి వానపాము ఎంతో సముద్రం అడుగుకి ఇది అంత.

మన వైపు దీన్ని తినేవాళ్ళు లేరు. ఉడికించి, ఇసుకలో పాతి, పైపొర రుద్ది కడిగి, ఎండబెట్టిన సరుకు ఎక్కువగా చివరికి చేరేది చైనా, హాంకాంగ్, సింగపూర్ వంటశాలలకే. నానబెట్టి వండితే జెల్లీలా ఉబ్బుతుంది. సొంత రుచి పెద్దగా ఉండదు, ఏ పులుసులో వేస్తే ఆ రుచి పట్టుకుంటుంది. పది కిలోల పచ్చి సరుకు ఎండితే కిలో కూడా తూగదు. ఒక్క గోనెసంచి నిండాలంటే ఎంత సముద్రాన్ని ఊడ్చాలో ఆలోచించండి.

2001లో కేంద్రం వీటిని వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి తెచ్చి, పట్టడం, అమ్మడం నిషేధించింది. 2020లో లక్షద్వీప్‌లో చెరియపాణి దగ్గర 239 చదరపు కిలోమీటర్లు వీటికోసమే కేటాయించారు. మంచి పనులు. నిషేధం ఎత్తేయాలని రామేశ్వరం వైపు మత్స్యకారులు అడుగుతున్నారు. వాళ్ళ కష్టం నాకు తెలుసు, అయినా ఎత్తేయకూడదనే నా మాట.

కానీ పట్టకుండా వదిలేసినంత మాత్రాన ఇవి పెరగవు. ఆడది గుడ్లని, మగది బీజాన్ని నీళ్ళలోకి వదిలేస్తాయి. దగ్గర దగ్గరగా ఉంటేనే ఆ రెండూ కలుస్తాయి. ఊడ్చేసిన చోట అక్కడొకటి, ఇక్కడొకటి మిగిలితే, ఎవరూ ముట్టుకోకపోయినా సంతతి ఉండదు. అలాంటి చోట సీడ్, అంటే గుడ్ల నుంచి తీసి పెంచిన పిల్లల్ని, వదలాల్సిందే.

రొయ్య సీడ్ సంగతి ఆంధ్రా పాఠకులకి నేను చెప్పక్కర్లేదు. హోలోతూరియా స్కాబ్రా అనే ఖరీదైన రకం సీడ్‌ని ప్రపంచంలోనే మొదటిసారి హేచరీలో తీసింది మనవాళ్ళే. 1988లో తూత్తుకుడిలో, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు. ఇవాళ వియత్నాంలో రొయ్యల చెరువుల్లో, శ్రీలంకలో జాఫ్నా తీరంలో వలకంచెలు కట్టి వీటిని పెంచుతున్నారు. మొదట చేసి చూపించిన మనం మాత్రం అక్కడే ఆగిపోయాం.

పెంపకం పేరుతో సముద్రంలో దొంగతనంగా పట్టింది అమ్మేస్తారన్న భయం ఉంది. అది నిజమైన భయమే. అందుకే అమ్మకం ఊసు ఇప్పుడు వద్దు. ముందు సముద్రంలో వదలడానికే సీడ్ తీయండి. వదిలే పని, కాపలా పని జీతమిచ్చి మత్స్యకార కుటుంబాలకే అప్పగించండి. మా వీధి కుర్రాడొకడు ఎవరో ఇచ్చే కూలికి సముద్రంలో మునిగి వీటిని పడుతూ పోలీసులకి దొరికిపోయాడు. డబ్బు పెట్టినవాడి మొహం కూడా వాడికి తెలియదు. ఏ దిబ్బ దగ్గర ఇంకా ఎన్ని మిగిలాయో మాత్రం వాడికి బాగా తెలుసు. కాపలాకి అంతకంటే పనికొచ్చే మనిషి ఎక్కడ దొరుకుతాడు?

మీ విలేకరి ఎవరైనా ఇటు వస్తే పాటు వేళ తీసుకెళ్ళి చూపిస్తాను. ఈసారి ఎండిన కుప్ప ఫొటో కాకుండా ఇసుక మింగుతున్నదాని ఫొటో వేయండి.

మీ పాఠకుడు,
జంగ్లీఘాట్, పోర్ట్‌బ్లెయిర్